సెంట్రల్ పక్కన మా ఊరి రాజుగారు

అరుణాచలం గిరిప్రదక్షిణ గురించి నేను రాయను. ఇప్పటికే ఇంటికొకరు వెళ్లొచ్చి ఫొటోలు పెట్టేశారు. 14 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. మా ఆవిడకి రెండు బొబ్బలు, నాకు మూడు. అంతే. నేను చెప్పాలనుకున్నది తిరుగు ప్రయాణంలో మద్రాసు సెంట్రల్ దగ్గర గడిచిన నాలుగు గంటల గురించి.

అది 2024. ఆ ఏడాది మొదట్లోనే బస్టాండుని కోయంబేడు నుంచి కిలాంబాక్కం తీసుకుపోయారు. పేపర్లో చదివాను కానీ, ఎంత దూరం తీసుకుపోయారో బస్సు దిగాక గానీ తెలియలేదు. ఊరు ఇంకా ముప్ఫై కిలోమీటర్లు. ఆటో అతను చెప్పిన రేటుకి మేం విజయనగరం నుంచి విశాఖపట్నం వెళ్లి, భోంచేసి, తిరిగి వచ్చేయొచ్చు. నాకు అరవం నాలుగు ముక్కలే వచ్చు, అవి బేరానికి సరిపోవు. సిటీ బస్సులో ఎయిర్‌పోర్టు దాకా వేలాడి, అక్కడ మెట్రో పట్టుకుని సెంట్రల్ చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. బండి రాత్రికి.

వెయిటింగ్ హాల్లో ఒక్క కుర్చీ దొరికింది. మా ఆవిడ అందులో కూర్చుని, సూట్‌కేసు మీద కాళ్లు చాపుకుని, "ఏవండీ, మీరు కాసేపు అలా తిరిగి రండి, ఇక్కడ నిలబడి నా మీద నిట్టూర్చకండి" అంది. అలా బయటికొచ్చాను. నలభై రూపాయల కాఫీ తాగాను. గ్లాసు చూస్తే నాలుగు గుక్కలు. ఆ చిరాకులో కార్పొరేషన్ ఆఫీసుండే రిప్పన్ బిల్డింగ్ వైపు నడుస్తుంటే రేకుల వెనకాల ఎర్రటి గోడ కనిపించింది.

ఈ గోడ నాకు కొత్త కాదు. ముప్ఫై ఏళ్లలో ఓ పాతికసార్లైనా మద్రాసు వచ్చి ఉంటాను. "సెంట్రల్‌కీ రిప్పన్ బిల్డింగ్‌కీ మధ్య ఎర్ర బిల్డింగు" అంటే నాకు బస్సెక్కే గుర్తు, అంతే. దాని ముందు ఎన్నో ఏళ్లు ఒక హోటలూ దుకాణాలూ అడ్డంగా ఉండేవి. తర్వాత మెట్రో తవ్వకాలు. నేను వెళ్లిన ఆ రోజు మరమ్మతులు, చుట్టూ ఇనుప గొట్టాల పరంజా. పైకి చూస్తే చదరపు గోపురం, దాని మీద కేరళ గుళ్లకుండే లాంటి వాలు కప్పు. ఇంగ్లీషు ఇటుక ఒంటికి మలయాళీ టోపీ పెట్టినట్టుంది.

గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో వాచ్‌మన్. నా నాలుగు అరవ ముక్కలు వాడగానే ఆయన నవ్వి తెలుగులోకి దిగాడు. సూళ్లూరుపేట వైపు మనిషి.

"లోపలికి వదల్లేను సార్. పన్లు జరగతా ఉండాయి. పైనించి ఏదన్నా పడితే నా ఉజ్జోగం పోతాది."

"ఏం కడుతున్నారు?"

"కట్టేదేముంది సార్, ఉండేదే. పాత సున్నం గీకి కొత్త సున్నం. సిమెంటు ముట్టుకోకూడదంట." గేటు సందులోంచి చూపించాడు. ఇటుకలతో కట్టిన తొట్టిలో తెల్లగా పెరుగులా సున్నం నానుతోంది. ఒక కుర్రాడు పారతో తిప్పుతుంటే గట్టున చిన్న చిన్న బుడగలు పగులుతున్నాయి. మా తాతగారి పెంకుటింటి గోడ పెచ్చు ఊడితే వచ్చే వాసనే అక్కడా.

గోడ నీడలో ఒక దిమ్మ మీద కూర్చుని, చేసేదేమీ లేక ఫోన్‌లో ఆ బిల్డింగు పేరు కొట్టాను. విక్టోరియా పబ్లిక్ హాలు. రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లైనందుకు ఆ పేరు. నక్షా గీసింది చిషోం దొర, కట్టించింది నంబెరుమాళ్ చెట్టి. ఇంతవరకూ మామూలే. తర్వాత లైను చదివి లేచి నిలబడ్డాను. 1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతిరాజు!

మా ఆనంద గజపతి! ఆయన పేరు తెలియనివాడు మా ఊళ్లో ఉండడు. గురజాడ కన్యాశుల్కం అంకితమిచ్చింది ఆయనకే. ఆయన పేరు మీద మా ఊళ్లో ఆడిటోరియం ఉంది. మా అమ్మాయి మూడు నిమిషాల డాన్సు కోసం అందులో నాలుగు గంటలు కూర్చున్న రోజులున్నాయి. అలాంటి మనిషి మద్రాసు నడిబొడ్డున రాయి వేస్తే, ఆ రాయి పక్కన బస్సెక్కుతూ ముప్ఫై ఏళ్లు తిరిగాను. మా స్కూల్లో ఆయన వంశవృక్షం బట్టీ పట్టించారు కానీ ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

వాచ్‌మన్‌కి చెప్పాను. "మీ రాజా?" అన్నాడు, నేను రాజుగారి తమ్ముణ్ణన్నట్టు ఎగాదిగా చూసి. గౌరవంగా కుర్చీ ఇవ్వబోయాడు కానీ గేటు మాత్రం తీయలేదు.

ఇక వదల్లేదు, చార్జింగు పన్నెండు శాతానికి వచ్చేదాకా చదివాను. స్థలం మునిసిపాలిటీది. 57 గ్రౌండ్లు (గ్రౌండంటే మద్రాసులో స్థలాల కొలత), 1886 నుంచి 99 ఏళ్ల లీజు, గ్రౌండుకి ఎనిమిది అణాలు. నా కాఫీ డబ్బులతో ఎనభై గ్రౌండ్లు వచ్చేవన్నమాట. కిందొక హాలు, మీదొక హాలు, ఒక్కోదాంట్లో 600 మంది. మైకులు లేని రోజుల్లో అంతమందికి వినపడేట్టు గొంతెత్తాలంటే నటుడికి ఊపిరితిత్తులు ఉండాల్సిందే. 1897లో వివేకానందుడు ఇక్కడే మాట్లాడాడు. మద్రాసులో మొదటిసారి బొమ్మ కదిలింది కూడా ఈ హాల్లోనే, 1896లో. తర్వాత తెలుగువాళ్లు సినిమా కోసం కోడంబాకం చుట్టూ ఎన్నేళ్లు తిరిగారో లెక్కలేదు. ఆ పిచ్చికి విత్తనం ఇక్కడే పడింది.

వీటన్నిటికంటే నాకు నచ్చింది బళ్లారి సంగతి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ పేరున్న వకీలు. కోర్టు పని అయ్యాక సరస వినోదినీ సభ పెట్టి తెలుగు నాటకాలు ఆడించేవాడు. 1891లో ఆ బృందం మద్రాసు వచ్చి ఈ హాల్లో ఆడింది. చూడ్డానికొచ్చినవాళ్లలో పమ్మల్ సంబంద ముదలియార్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడున్నాడు. అప్పటికి అతనికి తమిళ నాటకాలంటే చులకన. వీధి నాటకాల వాళ్ల పని, చదువుకున్నవాడికెందుకు అనుకునేవాడు. ఇక్కడ చూస్తే వకీళ్లు, ఉద్యోగస్తులు రంగు పూసుకుని పద్యాలు పాడుతున్నారు. కుర్రాడి మనసు తిరిగిపోయింది. ఆ ఏడాదే స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. అదే హాల్లో 1936 దాకా వాళ్ల నాటకాలు నడిచాయి. ఆయన తర్వాత జడ్జీ అయ్యాడు, అయినా ముఖానికి రంగు మానలేదు. ఆధునిక తమిళ నాటకానికి ఆయన్ని పితామహుడంటారు. మన ఆచార్యులుగారిని ఆంధ్ర నాటక పితామహుడంటాం. ఒక పితామహుడి నాటకానికి మరో పితామహుడు ప్రేక్షకుడైన చోటు ఇది! మద్రాసు మాదా మీదా అని తర్వాత ఎంత కొట్టుకున్నా, ఆ ఒక్క సాయంత్రం లెక్క మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ మాట ఎవరికైనా చెప్పకపోతే ఉండలేనట్టనిపించి నాన్నకి ఫోన్ చేశాను. నాన్నకి ఎనభై రెండు. డెబ్భైల్లో ఆఫీసు పని మీద తరచూ మద్రాసు వచ్చేవారు. చెవి కొంచెం మందం.

"విక్టోరియా హాలు నాన్నా! సెంట్రల్ పక్కన! ఆనంద గజపతి రాయేశారట!"

"మూర్ మార్కెట్టేటి?"

"కాదు, దాని పక్కది."

"మూర్ మార్కెట్లో పాత పుస్తకాలు తూకానికిచ్చినట్టు ఇచ్చేవోళ్రా. నువ్వు చదివిన ఇంగ్లీషు డిక్షనరీ అక్కడిదే. రెండు రూపాయలు." ఆ మార్కెట్టు 1985లో కాలిపోయిందని గుర్తుచేశాను. ఈ హాలు లీజు ముగిసిన ఏడాది కూడా అదే. తర్వాత దీని యాజమాన్యం ఎవరిదన్న గొడవ ఏళ్ల తరబడి నడిచింది. నాన్న అదేం వినిపించుకోలేదు, ఇంకేదో గుర్తొచ్చింది ఆయనకి.

"ఎర్ర గోడ కదూ? పెద్ద వరండా? మీ అమ్మా నేనూ ఓసారి తిరుపతి నుంచి వచ్చి దాని నీడన కూకొని పులిహోర తిన్నాం. మే నెల. మద్రాసంతా మండిపోతంటే ఆ గోడ మాత్రం కుండలా చల్లగుండేది. మీ అమ్మ వీపు ఆనించి నిద్దరోయింది."

అమ్మ పోయి ఆరేళ్లు. ఈ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

"లోపలికెళ్లేవా?" అన్నారు కాసేపాగి.

"వెళ్లనివ్వట్లేదు నాన్నా. మీరు వెళ్లారా?"

"మేవెందుకెళ్తాం. అందులో ఏటుందో మాకేటి తెల్సు." మళ్లీ ఆగి, "గోడ ఇంకా చల్లగుందేటి?" అన్నారు.

చెయ్యి పెట్టి చూద్దామని లేచాను. మధ్యలో రేకు ఉంది, ఎండకి పెనంలా కాలుతోంది. వాచ్‌మన్ వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"రేకులు కట్టేశారు నాన్నా" అన్నాను.

"అయితే తీసేక వెళ్లు" అని ఫోన్ పెట్టేశారు.