అమ్మ కూర్చునే సీటు
హ్యూస్టన్‌లో పోయినేడాది ఒక సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొన్నాం. ముందు వాటర్ పంప్ పోయింది, తర్వాత ఆల్టర్నేటర్. అవి డబ్బుతో తీరిపోయాయి.

నిన్న రాత్రి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో కారు గుర్తింపు సంఖ్య, అంటే 17 అక్షరాల విన్ నంబర్ కొట్టి చూస్తే, ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ (బ్యాగ్‌ను ఉబ్బించే భాగం) రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ ఇచ్చిన పిలుపు, ఇంకా పెండింగ్‌లోనే ఉంది. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే ఆ ఇన్‌ఫ్లేటర్‌లోని అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం పాడవుతుంది. బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు ఎగిరి తగలొచ్చు. ఇక్కడి ఎండ, ఉక్కపోత తెలిసినవే కదా! ఆ సీట్లో రోజూ కూర్చునేది అమ్మ. రాత్రంతా నిద్ర పట్టలేదు.

అమ్మినవాళ్లు మాటైనా చెప్పలేదు. రీకాల్ రిపేర్ అయ్యాకే పాత కారు అమ్మాలనే ఫెడరల్ చట్టం డీలర్లకు లేదు. ఇది చాలా అన్యాయం. రిపేర్ మాత్రం ఉచితం, మనం ఎన్నో ఓనర్‌మైనా సరే.

గురువారం అపాయింట్‌మెంట్. అప్పటిదాకా అమ్మ వెనక సీట్లోనే.