వీడియో అందరూ చూశారు, సంతకం ముగ్గురే పెట్టారు

మా మేడ మీద గదిలో అద్దెకుండే అబ్బాయిది నాగాలాండ్. కమ్మనహళ్లిలో ఒక సెలూన్‌లో పని. మేం మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చి 19 ఏళ్లయింది. కింద ముందు గదిలో నా బ్లౌజుల షాపు. ఆ అబ్బాయిని పోలీసులు కొట్టిన కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి వాడి పేరు, స్టేషన్ పేరు రాయను. ఏం చేయాలో తెలియక మేం పోగొట్టుకున్న రోజులు ఇంకొకళ్లు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

2024 నవంబర్‌లో ఒక శనివారం. రాత్రి పదకొండు దాటింది. నేను బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తున్నాను. పని ముగించుకుని వస్తున్న అబ్బాయి మా గేటు ముందుకు వచ్చేసరికి గస్తీ జీపు ఆగింది. "ఏ దేశంరా నీది?" అని కన్నడలో అడగడం నాకు వినిపించింది. వాడు ఫోన్లో ఆధార్ చూపించాడు. ఒకాయన నేపాలా, చైనానా అని నవ్వాడు. ఇంకొకాయన ఈశాన్యం పిల్లల్ని వెక్కిరించే ఆ చెడ్డ మాట అన్నాడు. "సార్, నేను ఇండియన్" అన్నాడు వీడు. అంతే, చెంప పగిలేలా కొట్టారు. నేను మెట్లు దిగేలోపు జీపు ఎక్కించుకుని వెళ్లిపోయారు.

తెల్లవారుజామున మూడింటికి నడుచుకుంటూ వచ్చాడు. చెప్పులు లేవు, ఫోన్ లేదు. కాపడం పెట్టి పడుకోబెట్టాం. అక్కడే తప్పు చేశాం. అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సింది.

మర్నాడు దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే "పోలీసు కేసు, మేం చూడం" అన్నారు. ప్రభుత్వాస్పత్రికి వెళ్తే చీటీ రాసే ఆయన "బండి మీంచి పడ్డాడని రాసేయనా?" అన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. పోలీసులు కొట్టారనే రాయండి, ఎంఎల్‌సీ చేయండి అని కౌంటర్ దగ్గరే నిలబడ్డాడు. మెడికో లీగల్ కేసు అని రిజిస్టర్లో ఎక్కితే ఆ దెబ్బలకు కోర్టులో విలువ ఎక్కువ ఉంటుందని ఆయనకు ఎవరో చెప్పి ఉన్నారు.

డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. వాడి తొడ మీద దెబ్బలు చూసి స్కేలు తెప్పించింది. ఒక్కో దెబ్బకు రెండు ఎర్రని గీతలు, పట్టాలు వేసినట్టు పక్కపక్కన, మధ్యలో చర్మం పాలిపోయి ఉంది. "లాఠీ లాంటి గుండ్రటి కర్రతో కొడితేనే ఇలా పడుతుంది. కింద పడితే ఇలా రాదు" అంది. పొడవెంత, వెడల్పెంత, మోకాలికి ఎంత పైన అని ఒక్కొక్కటీ కొలిచి రాసింది. రోజంతా టేపు చేతిలో ఉండే పని నాది. కొలతలు అంత శ్రద్ధగా రాసే మనిషిని చూసి నాకు ఏడుపొచ్చింది. తర్వాత ప్రతిచోటా మమ్మల్ని నిలబెట్టింది ఆ ఒక్క కాగితమే.

స్టేషన్లో ఫిర్యాదు తీసుకోలేదు. అసలు ఆ రాత్రి ఎవర్నీ తీసుకురాలేదన్నారు. తెలిసినవాళ్ల ద్వారా హిందూపురం లాయరమ్మ ఒకామె దొరికింది. ఆ రాత్రి వీధిలో ఎవరో వీడియో తీశారని చెప్పినా, ఆమె మొదట అడిగింది దాని గురించి కాదు. "అక్కా, అరెస్టు మెమో ఇచ్చారా? దాని మీద సాక్షి సంతకం ఉందా?" అంది. ఎవర్ని పట్టుకున్నా అది ఉండాలని 1996లోనే డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. మాకు ఏ కాగితమూ ఇవ్వలేదు. "ఇవ్వలేదన్నదే రాద్దాం" అని అదే మొదటి పేరాగా పెట్టింది.

ఫిర్యాదు డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. స్టేషన్ తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపే హక్కు పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 173(4) కింద ఉంది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కి తెల్లకాగితం మీద రాసిచ్చాం. ఫీజు లేదు కానీ జరిగిన ఏడాది లోపే ఇవ్వాలి. ఆ రాత్రి సీసీ కెమెరా రికార్డు ఇమ్మని ఆర్టీఐ వేశాం. కెమెరా పని చేయలేదని జవాబొచ్చింది. నేను అక్కడితో అయిపోయిందనుకున్నా. లాయరమ్మ మాత్రం ఆ కాగితం చూసి నిటారుగా కూర్చుంది. స్టేషన్లలో కెమెరాలు ఉండాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, చెడిపోతే స్టేషన్ అధికారి వెంటనే పైకి తెలియజేయాలని కూడా ఉందట. "చెడిపోయిందని పైకి రాసిన ఉత్తరం ఏదీ?" అని ఇంకో అర్జీ పెట్టింది. దానికి ఈరోజుకీ జవాబు లేదు.

వాడు ఎస్టీ. ఈశాన్యం ఎస్టీలను అలాంటి మాటలతో అవమానించినవాళ్ల మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం కింద కేసు పెట్టాలని కేంద్ర హోం శాఖ 2012లోనే రాష్ట్రాలకు చెప్పింది. నాగాలాండ్ ఎస్టీకి కర్ణాటకలో ఈ చట్టం వర్తించదనే వాదన వస్తుందని లాయరమ్మ ముందే ఊహించి, దేశంలో ఎక్కడున్నా రక్షణ ఉంటుందని 2023లో బాంబే హైకోర్టు చెప్పిన తీర్పు జత చేసింది.

ఇక మనుషుల సంగతి. ఎదురింటి మేడ మీద నుంచి ఎవరో తీసిన వీడియో ఆదివారం పొద్దున్నే మా వీధి వాట్సాప్ గ్రూపులో పడింది. ఎంత కోపం! "సిగ్గుచేటు", "వదలకూడదు" అంటూ మధ్యాహ్నం దాకా మెసేజ్‌లే. కమిషన్‌కి సాక్షి అఫిడవిట్లు కావాలని నేను ఇల్లిల్లూ తిరిగితే మాత్రం తలుపులు సగమే తెరుచుకున్నాయి. మన తెలుగాయనే, పండక్కి అరిసెలు ఇచ్చిపుచ్చుకునే ఇల్లు, "మనవాడు కూడా కాదు, మనకెందుకమ్మా?" అన్నాడు.

ఆయన మీద కోపం వచ్చింది కానీ, ఆ మాట నేనూ అన్నదే. 2021 ఆగస్టులో ఇక్కడే బెంగళూరులో జె.సి.నగర్ పోలీసుల కస్టడీలో కాంగో దేశపు కుర్రాడు చనిపోయాడు. గుండె ఆగిందని పోలీసులు చెప్పారు. స్టేషన్ ముందు నిరసనకు దిగిన ఆఫ్రికన్ల మీద లాఠీలు విరిగాయి, తర్వాత కేసు సీఐడీకి వెళ్లింది. అది టీవీలో చూస్తూ వాళ్ల గొడవ మనకెందుకులే అనుకున్నదాన్ని నేను. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

చివరికి సంతకం పెట్టింది నేను, మూల మీద ఇస్త్రీ బండి ఆయన, వీడియో తీసిన అమ్మాయి. గ్రూపులో తిరిగే వీడియో చాలదని, తీసిన ఫోనే కావాలని, అది తమ ఫోన్లో తీసిందేనని తీసినవాళ్లు సర్టిఫికెట్ ఇవ్వాలని లాయరమ్మ చెప్పింది. ఆ అమ్మాయి డిగ్రీ చదువుతోంది. వాళ్ల నాన్న కుదరదన్నాడు. నేను ఇంక అడగలేదు. వారం తర్వాత తనే షాపుకొచ్చి మిషన్ పక్కన కూర్చుంది. "ఆంటీ, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ వీడియో తీసిన అమ్మాయికి పదిహేడేళ్లే తెలుసా?" అంది. 2020 మే 25న మినియాపొలిస్‌లో ఆ నల్లజాతి మనిషి మెడ మీద ఒక పోలీసు మోకాలు పెట్టి చంపితే, పోలీసుల మొదటి ప్రకటనలో అదేదో ఆరోగ్య సమస్య అన్నట్టు రాశారట. అక్కడి అమ్మాయి వీడియో పెట్టడమే కాదు, కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పింది. ఆ పోలీసు డెరిక్ షావిన్‌కి 2021లో 22న్నర ఏళ్ల శిక్ష పడింది. "వీడియో పెట్టి ఊరుకుంటే సరిపోదు కదా ఆంటీ" అని ఫోన్ నా టేబుల్ మీద పెట్టింది.

కమిషన్ ముందు తన వంతు వచ్చినప్పుడు, రాత్రిపూట అంత స్పష్టంగా ఎలా కనిపించిందని అడిగారు. "వీధి దీపం సరిగ్గా ఆంటీ గేటు ముందే ఉంది సార్" అంది, గొంతు వణక్కుండా.

ఇద్దరు పోలీసుల మీద శాఖాపరమైన విచారణ మొదలైంది. అబ్బాయి ఫోన్ ఒక కవర్లో పెట్టి తిరిగిచ్చారు, అద్దం పగిలి ఉంది. వాయిదా మళ్లీ వచ్చే నెలకి పడింది. అబ్బాయి రాత్రి పని అయ్యాక ఇప్పటికీ వీధి మలుపులో ఆగి నాకు ఫోన్ చేస్తాడు. నేను బాల్కనీలోకి వచ్చి లైటు వేస్తాను. అప్పుడు గేటు దాకా నడిచి వస్తాడు.