మట్టి జుంకాలు తీసుకెళ్తే నల్లపూసలు గుచ్చమన్నారు

శ్రీకాకుళంలో చేతిపనుల మేళాకి నేను చేసిన మట్టి జుంకాలు తీసుకుని, విజయనగరం కాంప్లెక్సులో నాన్‌స్టాప్ బస్సెక్కి రెండు డబ్బాలూ ఒళ్ళోనే పెట్టుకున్నాను. మట్టి నగలు ఎంత చుట్టినా డిక్కీలో వేయకూడదు. పైన ఎవరిదో బియ్యం బస్తా పడితే అంతే. జుంకా బుట్ట అంచు ఒకటిన్నర మిల్లీమీటర్లకి మించి ఉండదు, దెబ్బ తగిలితే పగిలేది అక్కడే. ఒక్కో జతనీ పాత నూలుచీర ముక్కలో చుట్టి, గదులున్న డబ్బాలో నిలువుగా, కొక్కెం పైకి ఉండేలా సర్దాలి. కొక్కెం పక్కకి తిరిగితే పక్కదాని రంగు గీకేస్తుంది. నాతవలస దగ్గర హైవే ఎక్కేదాకా గతుకు వచ్చినప్పుడల్లా డబ్బాలని మోకాళ్ళ మీంచి కాస్త ఎత్తి పట్టుకున్నాను. అరవై జతల్లో రెండే పోయాయి. రెండూ గదిలో వదులుగా ఉండిపోయినవి.

శ్రీకాకుళంలో దిగాక నడిచి వెళ్ళగలిగే దూరానికి ఆటో 150 అడిగాడు. డబ్బాలతో బేరమాడే ఓపిక లేక ఇచ్చాను.

మేళా మూడు రోజులు, శుక్రవారం నుంచి ఆదివారం దాకా. స్టాలుకి 3,000 ముందే కట్టించుకున్నారు. ఆరడుగుల బల్ల, రెండు కుర్చీలు, ఒక ప్లగ్గు. ‘చేతిపని వాళ్ళకి మాత్రమే’ అని ఫోన్లో రెండుసార్లు చెప్పారు. వెళ్ళి చూస్తే గేటు పక్కనే మూడు స్టాళ్ళ నిండా హోల్‌సేల్ నగలు, అచ్చు పోసినవి. పైన అట్ట ముక్క మీద ‘ఏది తీసుకున్నా 100’. నా బల్ల బజ్జీల బండి వెనక, జనరేటర్‌కి పది అడుగుల్లో పడింది.

కోపం ఆ స్టాళ్ళ వాళ్ళ మీద కాదు, వాళ్ళ బతుకు వాళ్ళది. రెండు రకాల సరుకునీ ఒకే పేరు కింద కూర్చోబెట్టిన వాళ్ళ మీద. గేటు దగ్గర వంద రూపాయల జుంకాలు చూసి వచ్చిన మనిషి నా దగ్గర 220 అనగానే ‘మట్టికేటమ్మా అంత?’ అంటుంది. అనకుండా ఎలా ఉంటుంది? జతకి మన్ను, రంగు, వార్నిష్, కొక్కేలు, కాల్పు కలిపి 45 దాకా అవుతుంది. మన్ను నానబెట్టి, వడకట్టి, పిసికి, బుట్ట తిప్పి, చుక్కలు పెట్టి, రంగు వేసేసరికి జతకి గంటన్నర పని. కాల్చిన ఇరవై జతల్లో రెండో మూడో ఎప్పుడూ పోతాయి. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి లోపల తడి మిగులుతుంది. బట్టీలో ఆ తడి ఆవిరై బుట్టని చీల్చేస్తుంది. అందుకే నాలుగైదు రోజులు నీడలోనే ఆరబెట్టాలి, చలికాలం అయితే వారం. ఇదంతా ధరలో ఉంటుంది. కానీ బల్ల ముందు అర నిమిషం నిలబడే మనిషికి ఎలా చెబుతాం?

రోజులు ఎంచుకోవడంలోనూ తప్పు జరిగింది. డిసెంబరు మూడో వారం, ధనుర్మాసం మొదలైంది. ముహూర్తాలు ఉండవు కాబట్టి పెళ్ళి కొనుగోళ్ళు లేవు. పల్లెల్లో ఇంకా నూర్పులు అవుతున్నాయి, ధాన్యం డబ్బు చేతికి రాలేదు. జీతగాళ్ళకి నెలాఖరు దగ్గరపడింది. జనవరి మొదటి వారం దాటాక ఇదే మేళా పెట్టి ఉంటే సంక్రాంతి జనం వచ్చేవాళ్ళు. మా విజయనగరంలో పైడితల్లి పండగకి, తొలేళ్ళ నాడూ సిరిమానోత్సవం నాడూ గంటస్తంభం చుట్టుపక్కల నేల మీద గోనె పరుచుకుని కూర్చున్న పూసలమ్మికి కూడా ఊపిరాడదు. పైడితల్లి దర్శనానికి వచ్చిన ఆడవాళ్ళు గాజులో పూసలో కొనకుండా ఇంటికెళ్ళరు. కొనాలని బయల్దేరిన జనం వేరు, సాయంత్రం బజ్జీ తినడానికి వచ్చిన జనం వేరు.

మొదటి రోజు అమ్మకం 640.

ఆ రాత్రి బల్ల ముందుకెళ్ళి, కొనేవాళ్ళు నిలబడే చోటు నుంచి చూశాను. అసలు లోపం కంటికి కనపడింది. వాళ్ళిచ్చిన బల్బు 6500కె (కెల్విన్, కాంతి రంగుకి కొలత), నీలం పోసినట్టు తెల్లటి కాంతి. కాలిన మట్టి ఎరుపు దాని కింద ఇటుక పొడిలా పాలిపోయింది. బంగారు రంగు గీతలు బూడిదలా ఉన్నాయి. నేను తెచ్చిన అద్దమేమో అరచేయంత. చెవి కనపడితే మెడ కనపడదు. మర్నాడు పొద్దున్నే జి.టి. రోడ్డుకెళ్ళి కాస్త పసుపు కలిసిన 4000కె బల్బు ఒకటి, అడుగున్నర అద్దం ఒకటి తెచ్చాను. బల్బుని బల్లకి పైన రెండడుగుల ఎత్తులో, కొనేవాళ్ళ కళ్ళలో పడకుండా నా వైపు నుంచి వంచి కట్టాను. నల్ల వెల్వెట్ తీసేసి లేత గోధుమరంగు గోనెగుడ్డ పరిచాను. రాత్రి ఎనిమిది దాటితే ఇక్కడ మంచు దిగుతుంది. వెల్వెట్ తడి పీల్చుకుంటుంది, ఇత్తడి కొక్కేలు ఆ తడికి మసకబారిపోతాయి. గోనెగుడ్డతో ఆ బాధ తక్కువ.

దీంతో ఆగి చూసేవాళ్ళు పెరిగారు. కొనేవాళ్ళు అంతగా పెరగలేదు.

పక్క స్టాలు పొందూరు నుంచి ఖద్దరు తెచ్చిన పెద్దాయనది. ఆయన దగ్గరా అమ్మకం అంతంతే, కానీ బల్ల ముందు మనుషులు మాత్రం ఎప్పుడూ ఉన్నారు. కారణం ఒక ఎముక. వాలుగ చేప దవడ, సన్నటి పళ్ళతో. కొండపత్తి గింజ చుట్టూ ఉన్న దూదిని దానితో దువ్వి శుభ్రం చేస్తారు. ఆయన పిడికెడు పత్తి తీసుకుని ఊరికే దువ్వుతూ కూర్చున్నాడు. పిల్లలు ముట్టుకుంటామన్నారు, తల్లులు ఆగారు, ఆగినవాళ్ళలో కొందరు పంచె అంచు వేళ్ళతో రాసి చూశారు.

అది చూసి నేనూ జుంకాలు ఒక పక్కకి జరిపి, పట్టకార్లు, వైరు, పూసలు బల్ల మీద పెట్టుకుని దండ ఒకటి గుచ్చడం మొదలుపెట్టాను. పావుగంట కాకుండానే ఒకావిడ వచ్చి చీర కొంగులోంచి రుమాలు మూట తీసింది.

‘పాపా, ఇవి గుచ్చుతావేటి? మొన్న పెరిగాయి.’

నల్లపూసలు. ఎవరింట్లోనూ ‘తెగాయి’ అనరు కదా. సూత్రాలు తీసి పసుపుతాడుకి కట్టుకుని, మిగతావి మూటకట్టి తెచ్చింది. ఊళ్ళో అడిగిన చోట వారం తరవాత రమ్మన్నారట.

బంగారం కలిసిన పనికి మొదటి మెట్టు లెక్క. స్టీలు పళ్ళెంలో మెత్తటి తువ్వాలు పరిచి (పూస దొర్లిపోదు), ఆవిడ చూస్తుండగానే గుండ్లు పైకి లెక్కపెట్టాను, పద్దెనిమిది. పని అయ్యేదాకా ఆవిడ అక్కడే కూర్చోవాలి, పూర్తయ్యాక మళ్ళీ లెక్క చూసుకోవాలి. ఇద్దరికీ అదే మంచిది. పాత దారం చూస్తే ఎందుకు పోయిందో తెలిసిపోయింది. నూలు దారం చెమటకీ పసుపుకీ నాని కొక్కెం దగ్గర మెత్తబడింది. దానికి తోడు గుండు రంధ్రం అంచు పదును, కదిలినప్పుడల్లా దారాన్ని కోస్తూ వచ్చింది. అలాంటి చోట గుండుకి అటూ ఇటూ చిన్న గాజుపూస ఒక్కోటి అదనంగా వేస్తే దారం అంచుకి ఆనదు.

గుచ్చడానికి గేర్ వైరు వాడాను, స్టీలు పోగుల మీద నైలాన్ పూత ఉండేది, 0.38 మిల్లీమీటర్లది. పూస రంధ్రం చిన్నదైతే 0.3. మధ్యలో సూత్రాలు ఎక్కించుకునే చోటు వదలాలి కాబట్టి రెండు పాయలుగా గుచ్చి నాలుగు కొసలకీ కొక్కేలు పెట్టాను. కొసన క్రింప్ పూస (నొక్కితే వైరుని పట్టేసే చిన్న లోహపు పూస) వేసి, వైరుని కొక్కెంలోంచి తిప్పి అదే క్రింప్‌లోకి, అక్కణ్ణించి వెనక ఐదారు పూసల్లోకి దూర్చాలి. ఆ తరవాతే నొక్కాలి. మొదట మధ్యలో ఒక నొక్కు, తరవాత దాన్ని మడిచేలా రెండో నొక్కు. ఒకే నొక్కుతో సరిపెడితే నెలలో జారిపోతుంది. మిగిలిన వైరు కొస పూస లోపలే ఉండేలా కత్తిరించాలి, లేకపోతే మెడకి గీసుకుంటుంది. అన్నిటికంటే ఎక్కువమంది చేసే తప్పు బిగించడం. పాయకి రెండు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. బిగిస్తే దండ పుల్లలా నిలబడుతుంది, మెడ మీద వాలదు, ఒకే చోట వంగి వంగి వైరు విరుగుతుంది.

ఇరవై నిమిషాలు పట్టింది. 70 రూపాయలు అడిగాను. ఆవిడ అద్దంలో పాయలు మెడకి ఆనించి చూసుకుని, ఇచ్చి వెళ్ళింది. గంటలో ఇద్దరు కోడళ్ళని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. ఒకరి ముత్యాల దండ, ఇంకొకరి పగడాలు.

ఆదివారం అరసవల్లి సూర్యదేవుడి దర్శనం చేసుకుని వచ్చిన వాళ్ళు మధ్యాహ్నం మేళాలోకి దిగారు. అప్పటికి ‘ఆ వెనక పూసలు గుచ్చుతున్నారు’ అన్న మాట పాకింది. భోజనానికి లేవలేకపోయాను, పెద్దాయన తన క్యారేజీలోంచి పులిహోర పెట్టాడు. పని జరుగుతున్నంతసేపూ కూర్చున్నవాళ్ళు చేయి ఊరికే ఉండక జుంకాలు చెవికి పెట్టి చూసుకున్నారు. చేతిలో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. ఒక్కోటి పది గ్రాముల లోపే, ఆ మాట నోటితో చెబితే ఎవరూ నమ్మలేదు. మూడో రోజు జుంకాల అమ్మకం అంతకు ముందు రెండు రోజులదీ కలిపినదానికంటే ఎక్కువ వచ్చింది ఇలాగే.

లెక్క ఇది. జుంకాలు 640, 1,480, 2,310, కలిపి 4,430. గుచ్చిన దండలు 31, వాటికి 2,170. మొత్తం 6,600. ఖర్చు స్టాలుకి 3,000, లాడ్జికి 1,800, బస్సులూ ఆటోలూ 760, తిండి 640, మొత్తం 6,200. మిగిలిన 400లోంచి అమ్ముడైన జుంకాల సరంజామా 1,300 తీసేస్తే 900 నష్టం. బల్బూ అద్దం మళ్ళీ పనికొస్తాయని ఇందులో వేయలేదు. చేతికూలి అసలే వేయలేదు.

స్టాలుకి డబ్బు కట్టేముందు నాలుగు సంగతులు అడగండి: బల్ల ఎక్కడ వేస్తారో నక్షా, కొని అమ్మే సరుకుని రానిస్తారా లేదా, జనరేటర్ ఎక్కడ, కిందటేడు వచ్చిన చేతిపనివాళ్ళలో ఇద్దరి నంబర్లు. నంబర్లు ఇవ్వడానికి నసిగితే వెళ్ళొద్దు. చిల్లర రెండు వేలకి తక్కువ కాకుండా, సగం పదులూ ఇరవైలూ ఉండేలా తీసుకెళ్ళండి. సాయంత్రం జనం చేరాక అక్కడ సిగ్నల్ పోయింది. ఫోన్ చెల్లింపు తిరగక మూడు జతలు బల్ల మీదే వదిలి వెళ్ళిపోయారు.

ఆదివారం రాత్రి తొమ్మిదికి టెంటు వాళ్ళు గుడ్డలు విప్పడం మొదలుపెట్టారు. పళ్ళెంలో ఇంకా ఒక పగడాల దండ సగంలో ఉంది. దానికోసం కూర్చున్న ముసలమ్మ ‘నువ్వు కానీ తల్లీ, నానున్నాను’ అని సెల్‌ఫోను లైటు పూసల మీదకి పట్టింది. పెద్దాయన తన సరుకు కట్టేసి కూడా పక్కన నిలబడ్డాడు, వెలుతురుకి అడ్డం రాకుండా. చివరి క్రింప్ నొక్కి, కొక్కెం పట్టుకుని లాగి చూసి, ముసలమ్మ చేతిలో పెట్టాను. నలభై నాలుగు పగడాలు, ఆవిడే లెక్కపెట్టుకుంది.