రెండూ తొంభయ్యే కదా!

"రెండూ తొంభయ్యే కదా మేడమ్" అన్నారు మా పర్చేజ్ ఆయన, రెండు రకాల ట్రాలీ చక్రాల గట్టిదనం గురించి. ఆ మాట అన్నం తింటున్నా చెవిలోంచి పోలేదు. పెరుగు గిన్నె ఎప్పటి నుంచి అడుగుతున్నారో, మా ఆయన లేచి తనే తెచ్చుకున్నారు.

చెన్నై అంబత్తూరులో మా ఫ్యాక్టరీకి ఒక కడుగుడు విభాగం ఉంది. వేడినీళ్లు, సబ్బు, ఎప్పుడూ తడి నేల. నిరుడు అక్కడి ట్రాలీలకు వేసిన యూరెథేన్ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) చక్రాలు అంచుల్లో పగిలాయి. గోటితో నొక్కితే ముదరని బెల్లం పాకంలా లోపలికి దిగి వేలికి అంటుకుంది. రబ్బరు గట్టిదనాన్ని కొలిచే షోర్ ఏ స్కేలు మీద 90 ఉన్నదానిలోకి గోరు దిగడమా! కొత్త ఆర్డరులోనూ పర్చేజ్ ఆయన అదే రకం రాశారు. ధర తక్కువ, గట్టిదనం అదే, రంగూ అదే పసుపు.

యూరెథేన్‌లో రెండు రకాలు. ఆ పగిలినవి పాలియెస్టర్ రకం, దాని అణువుల గొలుసులను నీళ్లు మెల్లగా తెంచేస్తాయి, వేడి తోడైతే ఇంకా త్వరగా. పాలీఈథర్ రకం తడికి ఓర్చుకుంటుంది. ఈ ముక్క కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. ఆ కాగితం మీద టీ గ్లాసు పెట్టారు.

1937లో జర్మనీలో ఒట్టో బాయర్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ యూరెథేన్ రసాయనానికి దారి చూపారు కానీ, తడితో దీని పేచీ ఏమిటో నాకు అర్థమైంది చెన్నైలోనే గిండీలో, ట్రైనీగా చేరిన రోలర్ల వర్క్‌షాపులో. తమిళ నెల ఐప్పసిలో వానలు పట్టాయంటే అక్కడి ఫోర్మన్ పోత పోయడానికి ఒక పట్టాన ఒప్పుకునేవారు కాదు. తేమ తగిలితే పోతలోని ఐసోసయనేట్ అనే రసాయనం కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, రోలరంతా బుడగలే. యూరెథేన్ కాబోయే వేడి ద్రవాన్ని, అదే ప్రీపాలిమర్‌ను, గాలి లాగేసే వాక్యూమ్‌లో పెడితే నురగలు కక్కుతూ డబ్బా అంచుదాకా పొంగి, ఉన్నట్టుండి కుంగిపోయేది. ఆ వెంటనే దాన్ని గట్టిపరిచే క్యూరేటివ్ కలిపి నిమిషాల్లో అచ్చులో పోసేయాలి, ఆలస్యమైతే డబ్బాలోనే గడ్డకడుతుంది. రాత్రంతా ఓవెన్లో ఉంచి పొద్దున అచ్చు విప్పితే తేనెరంగు రోలరు, ఒక్క బుడగ లేకుండా. నిమరబోతే "కాలుతుందమ్మా, ఆగు" అని ఆయన తమిళంలో కసిరేవారు.

అయినా పాలియెస్టర్ మీద ఇంత కోపం దేనికి? నూనె, ఇనుపరజను నిండిన మా మెషిన్ షాపుకైతే నేనూ అదే కొంటాను. నూనెను తట్టుకోవడంలో, అరుగుదలకు ఓర్చుకోవడంలో అదే మేలు. అన్ని చోట్లకీ ఒకే చక్రమైతే స్టోరు లెక్క సులువని పర్చేజ్ ఆయన అనుకున్నారేమో, అదీ న్యాయమే. టీ గ్లాసు మాత్రం న్యాయం కాదు.

సాయంత్రం నమూనాగా వచ్చిన పాలీఈథర్ చక్రాలు బిగించి, నిండు ట్రాలీ తోయించాను. చప్పుడే లేదు. బాగుంది.

పోత పోసేవాళ్లు ఏ రంగు అడిగితే ఆ రంగు కలుపుతారు. తడి చోటికి నీలం కావాలని రేపు ఆర్డరులో రాయిస్తాను. ఆ తర్వాత కడుగుడు విభాగంలో ఒక్క పసుపు చక్రం కనిపించాలి, అప్పుడు చెబుతాను ఆయన సంగతి.