పాత పెట్టెకు కొత్త పూత

“మీ దేశంలో పాత చెక్క కనబడితే దాని మీద ఏదో ఒకటి పూయకుండా ఉండలేరు కదా” అన్నారు మా వర్క్‌షాపు యజమాని. కోపంగా అనలేదు. అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నారు. నేను అడిగింది ఒక్కటే: బల్ల మీదున్న ఆ మర్ఫీ రేడియో పెట్టెకు పాత పూత మొత్తం తీసి కొత్తది వేస్తామా, ఉన్నదాన్నే సరిచేస్తామా అని. పని మొదలుపెట్టే ముందు ఏ పనివాడైనా అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబుగా ఆయన నా దేశాన్ని తెచ్చి నా ముందు నిలబెట్టారు. అప్పుడు నేనేమీ అనలేదు. కానీ అప్పటినుంచి ఆ మాటకు మనసులో జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను.

మాది నెల్లూరు జిల్లా కావలి. నా భార్యకు ఇంగ్లండులో నర్సు ఉద్యోగం రావడంతో నేనూ వెంట వచ్చాను. మా వీధి ఆచారి దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్న పాలిష్ పని ఇక్కడ అన్నం పెడుతోంది. పాత కుర్చీలు, గడియారాలు, రేడియో పెట్టెలు బాగుచేసే చిన్న వర్క్‌షాపు ఇది.

ఆ వచ్చిన రేడియో 1930ల నాటిది. మర్ఫీ అంటే మనకు పెదవి దగ్గర వేలు పెట్టుకున్న పసిబిడ్డ బొమ్మే గుర్తొస్తుంది. కంపెనీ పుట్టింది మాత్రం ఇక్కడే, 1929లో, లండనుకు ఉత్తరాన వెల్విన్ గార్డెన్ సిటీలో. ఆ తొలి రోజుల్లో పెట్టెల రూపకల్పన డిక్ రస్సెల్‌ది, తయారీ ఆయన అన్న గోర్డన్ రస్సెల్ కంపెనీది. నగిషీలు లేవు. ప్లైవుడ్ మీద వాల్‌నట్ వెనీర్, అంటే అతికించిన పలచని చెక్క పొర, గుండ్రంగా తిప్పిన అంచులు, అంతే. అంచు వంపులో వెనీరు చార ఎక్కడా తెగకుండా ఎలా తిప్పారో చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఇలాంటి పెట్టెకు పని ఎలా జరుగుతుందో చెబుతాను. ముందు మీటలు, లోపలి యంత్రం, వాల్వులు, స్పీకరు ముందున్న గుడ్డ అన్నీ విప్పి పక్కన పెట్టాలి. తరువాత పూత ఏమిటో తేల్చుకోవాలి. వెనక, ఎవరికీ కనబడని మూల స్పిరిట్‌లో తడిపిన దూది ఆనిస్తే లక్క పాలిష్ అయితే జిగురుగా కరుగుతుంది. కరగకపోతే థిన్నరుతో చూడాలి. దానికి కరిగితే సెల్యులోజ్ లాకరు అనే గట్టి వార్నిషు. మా పెట్టెది లాకరే. ఎండకు, వయసుకు మొసలి చర్మంలా పగుళ్ళు తేలింది. మామూలుగా అయితే గీకి తీసి కొత్తది కొట్టవచ్చు. కానీ వెనీరు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఉప్పు కాగితం నాలుగుసార్లు ఎక్కువ రుద్దితే అడుగు చెక్క బయటపడుతుంది, దాన్ని మళ్ళీ ఎవరూ దాచలేరు.

యజమాని ఎంచుకున్న పద్ధతి వేరు. సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో మురికి తుడవాలి. లేచిన వెనీరు కింద వేడి సరేసు, అంటే కాచి వాడే పాతకాలపు జిగురు, ఎక్కించి, మైనపు కాగితం వేసి బిగించాలి. ఆ తరువాత థిన్నరును పొగమంచులా చల్లితే పాత లాకరే కాస్త కరిగి, పగుళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చివరికి సన్నని ఉక్కు పీచు, తేనెమైనం. పైన వేడి కప్పు పెట్టిన తెల్లని వలయం ఒకటి ఉంది. దాన్ని అలాగే ఉంచమన్నారు. కిటికీ వైపు వెలిసిన రంగునూ అలాగే ఉంచమన్నారు.

ఆ ఓపికకు నేను నమస్కరిస్తాను. వేలెడంత చోటు కోసం పూటంతా గడిపినా ఇక్కడ ఎవరూ గడియారం చూపించరు. మన దగ్గర బేరమాడే ఇంటివారికి ఈ లెక్క చెబితే ఆ డబ్బుతో కొత్త బీరువా వస్తుందంటారు.

అయినా ఆయన అన్న మాట సరైనది కాదు.

ఆయన ఇంట్లో చెక్క ఏడాది పొడుగునా హీటరు వెచ్చదనంలో, తలుపులు మూసిన గదిలో ఉంటుంది. మా చెక్క ఉండే చోటు వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం నెల్లూరు తీరాన్ని వదలదు. ఆ ముసురులో లక్క పాలిష్ వేస్తే గాలిలోని తేమకు తెల్లగా మబ్బు కమ్ముతుంది. అందుకే మా ఆచారి ఆ నెలల్లో ఎవరు బతిమాలినా డబ్బా మూత తీసేవారు కాదు. ముసురు పోతే ఎండ, ఎండతో ఉప్పు గాలి, వీటన్నిటితో చెదలు. అక్కడ మళ్ళీ మళ్ళీ పూయకపోతే యాభై ఏళ్ళ తరువాత జాగ్రత్తగా చూసుకోవడానికి పెట్టే మిగలదు.

మా ఇంట్లోనూ ఒక మర్ఫీ ఉంది. అది మన దేశంలో తయారైనదే. మద్రాసు, విజయవాడ రెండు కేంద్రాలూ అందులో పలికేవి. నాన్న పోస్టాఫీసులో ఏటా రేడియో లైసెన్సు కట్టిన పుస్తకం ఇప్పటికీ దాని వెనకే ఉంది. 1989 నవంబరులో తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది. కరెంటు పోయేదాకా నాన్న ఆ పెట్టె ముందు నుంచి లేవలేదు. తెల్లవారేసరికి పెంకులు ఎగిరిపోయి, ఇంట్లో పడిన వానకు రేడియో నానిపోయింది. అడుగున వెనీరు ఆకుల్లా లేచింది. ముసురు వెళ్ళాక ఆచారి వచ్చి, మా వరండాలో కూర్చుని, సరేసు కాచి ఒక్కొక్క పొరనూ అతికించారు. పైన నల్లటి పాలిష్ వేశారు, నీటి మరకలు కనబడకూడదని. అమ్మ మధ్యమధ్య టీ ఇస్తూ ఇంకొంచెం ఎరుపు కలపమంది, ఆయన కలిపారు. ఆ పెట్టె రంగులో అమ్మ మాట ఉంది.

ఇక్కడ ఆ మర్ఫీ ఎవరిదో నేను చూడలేదు. వారూ నన్ను చూడలేదు. ఆ తెల్లని వలయం ఎవరి కప్పుదో నాకు తెలియదు. దాన్ని కాపాడమన్నారు, కాపాడాను. వస్తువు మీది గుర్తుకు ఇంత మర్యాద ఇచ్చేవారు, దాన్ని పట్టుకున్న చేతుల గురించి ఒక్క మాట అడగకపోవడం నాకు అర్థం కాదు.

ఇంకొకటి. మా వర్క్‌షాపు అలమరలో లక్క రేకుల సంచి ఉంది, దాని మీద ఇండియా అని రాసి ఉంది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మోదుగ కొమ్మల మీద, రేగు కొమ్మల మీద పురుగు పెట్టిన లక్కను గీకి, కడిగి, కరిగించి పంపినది. ఈ దేశపు పాత బల్లల మీద ఇక్కడివారు మురిసిపోయే ఆ తేనెరంగు మెరుపులో ఎంతో భాగం ఆ చెట్ల మీది నుంచి దిగినదే. పూయడం మాకు జబ్బు అన్నట్టు మాట్లాడేముందు ఆ సంచి ఒకసారి చూసి ఉంటే బాగుండేది.

మొన్న అమ్మ ఫోను చేసింది. చెల్లెలి కూతురి పెళ్ళికి ఇంటికి రంగులు వేయిస్తున్నారట, రేడియోకూ పాలిష్ పెట్టించమంటావా అంది. ఆచారి లేరు, ఆయన కొడుకు చేస్తాడట. క్షణం ఆలోచించాను. ఇక్కడ నేర్చుకున్నదంతా వద్దనమంటోంది.

పెట్టించమన్నాను. సంక్రాంతి దాటాక, గాలి పొడిబారాక మొదలుపెట్టమన్నాను. ఆచారి వేసిన నలుపును గీకి తీయవద్దని, శుభ్రంగా తుడిచి దాని మీదే లక్క పలచగా వేయమని, పైభాగంలో ఉప్పు కాగితం ఆనించవద్దని, అడుగున లేచిన చోట్ల ఫెవికాల్ కాకుండా సరేసే వాడమని చెప్పాను. సరేసు అయితే రేపు మళ్ళీ లేచినా వేడి చేసి విప్పుకోవచ్చు. లైసెన్సు పుస్తకం ముందే తీసి బీరువాలో పెట్టమన్నాను.

“ఎరుపు కలపమంటావా?” అంది అమ్మ.

కలపమన్నాను.