ఇంగ్లిష్ పోగొట్టుకున్న నువ్వు

"ఇంగ్లిష్‌లో అందరికీ యూ ఒక్కటే, ఇక మన పిల్లలకి మన్నన ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని ఇక్కడ ఇంగ్లండ్‌లో తెలుగువాళ్లు కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు. నేను ఒప్పుకోను. ఇంగ్లిష్‌కీ నువ్వూ మీరూ రెండూ ఉండేవి, పోయింది మీరు కాదు, నువ్వు.

మా అమ్మాయి వీడియో కాల్‌లో "అమ్మమ్మా, నువ్వు తిన్నావా? తాతయ్యా, మీరు తిన్నారా?" అని ఒక్క గుక్కలో అడిగేసి, ఫోన్ పెట్టేశాక ఈ తేడా ఎందుకని నన్ను నిలదీస్తుంది. అందుకే దానికి దౌ (thou) కథ చెప్పాను, ఇంగ్లిష్ పోగొట్టుకున్న నువ్వు అదే.

పాత ఇంగ్లిష్‌లో ఎదుట ఉన్నది ఒక్కరైతే దౌ, రాజైనా సరే. పలువురైతే యీ, యూ. మన శ్లోకాల్లోని త్వం, హిందీ తూ ఈ దౌకి చుట్టాలే. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక పెద్దిళ్లలో ఫ్రెంచ్ నడిచింది, గొప్పవాళ్లని బహువచనంలో పిలిచే ఫ్రెంచ్ అలవాటు 13వ శతాబ్దానికి ఇంగ్లిష్‌కీ పట్టుకుంది. ఇక అక్కణ్ణుంచి దౌ అనే మాట బిడ్డని అంటే ముద్దు, పెద్దమనిషిని అంటే తిట్టు. 1603లో పేరుమోసిన నావికుడు వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు ప్రభుత్వ లాయర్ ఎడ్వర్డ్ కోక్ నిండు కోర్టులో ఆయన్ని కావాలనే దౌ అన్నాడు, అంటున్నానని నొక్కి మరీ చెప్పాడు. తర్వాత క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు దేవుడి ముందు అందరూ సమానమే అంటూ జడ్జీలని కూడా దౌ అని పిలిచి తన్నులు తిన్నారు. యూ అంటే ఎవరికీ కోపం రాదు కదా, అలా 17వ శతాబ్దం ముగిసేసరికి మామూలు మాటల్లోంచి దౌ చాలావరకు జారిపోయింది. ఇప్పుడు ఎక్కువగా చర్చి ప్రార్థనల్లోనే వినిపిస్తుంది కాబట్టి అదేదో గంభీరమైన మాట అనుకుంటారు గానీ, మనం దేవుణ్ణి నువ్వే దిక్కు అంటామే, ఆ చనువు అది.

మేముండే యార్క్‌షైర్‌లో అది పూర్తిగా చావలేదు. షెఫీల్డ్ వాళ్లు దీ (thee, అంటే నిన్ను), దౌ అనే మాటల్ని డీ, డా అని పలుకుతారు, పక్కూరు బార్న్‌స్లీ వాళ్లు వాళ్లని డీ-డాలు అనేది ఈ పలుకు వల్లే. మా పక్కింటి పెద్దాయన మా అమ్మాయిని దౌ బదులు దా అంటాడు, నన్ను మాత్రం యూ అంటాడు. ఆ తేడా దాని చెవికి ఇప్పుడు తెలుస్తోంది.

తాతయ్యని మీరు అనాలని మా ఇంట్లో గట్టిగానే చెబుతాం. అమ్మమ్మని నువ్వు అంటే దిద్దం, దిద్దితే ఆవిడే నొచ్చుకుంటుంది. తెలంగాణలో చాలా ఇళ్లలో నాన్ననీ తాతనీ నువ్వే అంటారని కూడా చెప్పి ఉంచాను, రేపు అలాంటి స్నేహితుల ఇంట్లో విన్నప్పుడు వీళ్లకి మర్యాద తెలియదని మా పిల్ల అనుకోకూడదు.