గ్లాసు మీద గీత

రాత్రి రెండున్నరకు కాలి బొటనవేలు నన్ను నిద్ర లేపింది. ఏదో కుట్టిందనుకుని లైటు వేశాను. తేలు లేదు, పురుగు లేదు. వేలి మొదట్లో కీలు మాత్రం ఎర్రగా ఉబ్బి, లోపల దీపం పెట్టినట్టు మెరుస్తోంది. దుప్పటి అంచు తగిలితే ప్రాణం పోయినంత పనైంది. చివరికి అటక మీది అట్టపెట్టె ఒకటి దింపించి, ఒక పక్క కోసి, పాదం అందులో పెట్టుకుని, పెట్టె మీదుగా దుప్పటి కప్పుకున్నాను. 48 ఏళ్ల మనిషి పెట్టెలో కాలు పెట్టుకుని పడుకుంటే మా ఆవిడ చూసి నవ్వలేదు. ఆమె నవ్వలేదంటే విషయం పెద్దదేనని నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరుగారు వేలిని ముట్టుకోకుండానే గౌట్ అయి ఉంటుందన్నారు, యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల వాపు. "మందు అలవాటుందా?" అని అడిగారు.

"బీరేనండీ. సాయంత్రం రెండు డబ్బాలు."

ఆ 'బీరే'లో ఉన్న దీర్ఘం నా పాతికేళ్ల వాదన మొత్తం. తాగుడంటే విస్కీ, బ్రాందీల వాళ్ల వ్యవహారమని, బీరు అలసట తీర్చుకునే పానీయమని నా నమ్మకం. ఎప్పుడూ తూలలేదు, ఎవరినీ తిట్టలేదు, ఒక్క రోజూ ఆఫీసు ఎగ్గొట్టలేదు. ఇక నాకు జబ్బేమిటి?

పైగా రక్తపరీక్ష నా పక్షానే వచ్చింది. డెసిలీటరు రక్తంలో యూరిక్ యాసిడ్ 6.8 మిల్లీగ్రాములు దాటితే కరిగి ఉండలేక సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకుంటుందట. నాది 6.4. ఆ కాగితం పట్టుకుని, నిర్దోషిగా విడుదలైన ముద్దాయిలా డాక్టరుగారి ముందు కూర్చున్నాను. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు అంకె తక్కువగా కనిపించడం కొత్తేమీ కాదని, తగ్గాక మళ్లీ చూద్దామని ఆయన కొల్చిసిన్ మాత్రలు రాశారు. వారానికి కాలు చెప్పులో దూరింది. మూడు వారాలకు చేసిన పరీక్షలో 8.9 వచ్చింది. ఆ కాగితం ఎవరికీ చూపించలేదు.

"మందు తగ్గించాలి, ముఖ్యంగా బీరు" అన్నారు డాక్టరుగారు. ఆ వాక్యంలో చివరి రెండు మాటలే నా చెవికి చేరాయి.

ఇంటికి వచ్చి చదవడం మొదలుపెట్టాను. చదువుకున్నవాడికి ఉన్న రోగమే ఇది, తనకు కావలసింది దొరికేదాకా చదువుతాడు. నాకు దొరికింది 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం. 47,150 మంది మగవాళ్లను 12 ఏళ్ల పాటు గమనించారు. గౌట్ ముప్పు బీరుతో అందరికన్నా ఎక్కువ, ఘాటు మద్యంతో అంతకన్నా తక్కువ, మితంగా తాగే వైన్‌తో పెద్దగా తేడా లేదు. బీరులో ప్యూరిన్లు ఉంటాయని, అవి ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారతాయని కూడా చదివాను. ఇంకేం కావాలి? 'మితంగా' అన్న మాట మీద కన్ను ఆగలేదు.

అలా వైన్ మనిషినయ్యాను. నిజం చెప్పాలంటే ఆ ఎనిమిది నెలలు నాకు నేనే నచ్చాను. డబ్బా మూత చప్పుడు పోయి, సన్నని కాడ ఉన్న గ్లాసు వచ్చింది. వెలుతురుకెత్తి రంగు చూడడం, వాసన పీల్చి కాసేపు మౌనం వహించడం నేర్చుకున్నాను. వైన్ గుండెకు మంచిదని నలుగురికీ చెప్పేవాణ్ని. ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాను. వైన్‌లో అది ఉండేది ఏ మూలకూ చాలనంతేనని అప్పటికి తెలియదు. సంఖ్య మాత్రం మారలేదు. రెండు డబ్బాలు పోయి రెండు గ్లాసులు.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం కూడా మారలేదు. దాన్ని వయసుకు రాసేశాను. వయసు పాత్ర కొంత ఉందని తరవాత తెలిసింది, కాకపోతే నేననుకున్న దారిలో కాదు. నడివయసులో ఒంట్లో నీటి పాళ్లు తగ్గుతాయి కాబట్టి, ఇరవైల్లో తాగినంతే తాగినా రక్తంలో ఆల్కహాల్ ఎక్కువ చిక్కబడుతుంది. పడుకోగానే నిద్ర పట్టించేదీ అదే, రాత్రి రెండో సగంలో ఆ నిద్రను ముక్కలు చేసేదీ అదే.

తొమ్మిదో నెలలో చీలమండ పట్టుకుంది. పెట్టె మళ్లీ దిగింది.

ఈసారి డాక్టరుగారు మందలించలేదు. "గ్లాసంటే ఎంత?" అని మాత్రం అడిగారు. గ్లాసంటే గ్లాసే కదా అన్నాను. కొలిచి రమ్మన్నారు.

ఆ సాయంత్రం కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్లి, రోజూ పోసుకునేంత నీళ్లు గ్లాసులో పోసి, వాటిని కొలత గిన్నెలోకి వంచాను. 240 మిల్లీలీటర్లు. పొరపాటు పడ్డానేమోనని మళ్లీ పోశాను. చేయి అలవాటు పడింది కదా, మళ్లీ 240 దగ్గరే ఆగింది. మా ఆవిడ కూరగాయల కత్తి పక్కన పెట్టి కాగితం, కలం తెచ్చింది. సీసా మీద 13 శాతం అని ఉంది. 240లో 13 శాతమంటే 31 మిల్లీలీటర్ల చిల్లర. ఆల్కహాల్ నీటికన్నా తేలిక కాబట్టి 0.79తో గుణిస్తే దాదాపు 25 గ్రాములు. నా పాత బీరు డబ్బా 500 మిల్లీలీటర్లు, 5 శాతం. అది 20 గ్రాములే.

"అంటే ఆరోగ్యం కోసమని మీరు రోజుకు 10 గ్రాములు ఎక్కువ తాగారు" అంది. లెక్క సరిగ్గానే ఉంది. మా ఆవిడ లెక్కల టీచరు కాదుగానీ అయి ఉండాల్సింది.

డాక్టరుగారు మిగతాది పూరించారు. బీరులో ప్యూరిన్లు అదనపు నేరం మాత్రమే. ఏ రూపంలో తాగినా, ఆల్కహాల్‌ను కాలేయం విరిచేటప్పుడు లాక్టిక్ ఆమ్లం పెరిగి, మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపడం తగ్గిస్తాయి. గౌట్ ఉన్నవాళ్లలో వైన్‌తో కూడా మళ్లీ నొప్పులు వస్తాయని 2014లో మరో అధ్యయనం చెప్పింది. అది నేను చదవలేదు, లేక చదివే ఓపిక లేకపోయింది.

మూడు నెలలు పూర్తిగా మానేయమన్నారు. అంతకు ముందు ఒక ప్రశ్న వేశారు. తాగని రోజున పొద్దున చేతులు వణుకుతాయా, చెమటలు పడతాయా అని. నాకు అలాంటివేమీ లేవు. ఉంటే ఇలా ఒక్కసారిగా ఆపనివ్వరట. ఒళ్లు మద్యానికి బానిసైనవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, వాళ్లు వైద్యుల పర్యవేక్షణలోనే ఆపాలి. నొప్పి తగ్గాక యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు, తోడుగా కొల్చిసిన్ చిన్న మోతాదు ఇచ్చారు.

నాలుగో వారంలో బొటనవేలు మళ్లీ చురుక్కుమంది. చుక్క ముట్టలేదు, మాత్ర తప్పలేదు, అయినా నొప్పి! ఒళ్లు మండి ఫోను చేశాను. పేరుకున్న స్ఫటికాలు కరిగేటప్పుడు ఇలా కదలడం మామూలేనని, మాత్ర ఆపవద్దని అన్నారు. బాగుపడడం కూడా నొప్పిగా ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. చెప్పే ఉంటారు, నేను వినే రకాన్నా?

ఆల్కహాల్ లేని బీరు తెచ్చుకోబోయాను. అందులోనూ ప్యూరిన్లు ఉంటాయి. పళ్లరసాలకు దిగబోయాను. వాటిలోని చక్కెర, ఫ్రక్టోజ్, కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. తప్పించుకునే సందులన్నీ మూసుకుపోయాక సోడా మిగిలింది.

కష్టపెట్టింది మద్యం కాదు, సాయంత్రం ఏడు గంటల వేళ. ఆ వేళకు చేయి తనంతట తాను ఫ్రిజ్ వైపు వెళ్లేది. మొదటి రెండు వారాలు నిద్ర సరిగ్గా పట్టలేదు, అకారణంగా విసుక్కున్నాను. అదే కాడ గ్లాసులో సోడా పోసుకుని, అదే కుర్చీలో కూర్చుంటే కాస్త నయం అనిపించింది. నాకు కావలసింది సగం ఆ గ్లాసూ, ఆ కుర్చీయేనని తేలింది. మూడో వారం ఒక రాత్రి పడుకున్నవాణ్ని లేచి చూస్తే కిటికీలో తెల్లవారింది. మూడు గంటలకు మెలకువ రాలేదు. ఎన్నేళ్లయిందో అలా నిద్రపోయి.

మూడు నెలలకు యూరిక్ యాసిడ్ 5.4. బరువు నాలుగు కిలోలు తగ్గింది. ఒక గ్రాము ఆల్కహాల్‌లో 7 కేలరీలున్నాక అందులో వింతేమీ లేదు.

ఇప్పుడు శనివారం మాత్రం తాగుతున్నాను. తాగని నెలలూ ఉంటున్నాయి. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పిన సంగతి తెలియక కాదు. తెలిసి, కొలిచి తాగుతున్నాను. గ్లాసు మీద 100 మిల్లీలీటర్ల దగ్గర మా ఆవిడ గోళ్ల రంగుతో గీత గీసుకున్నాను, అంటే సుమారు 10 గ్రాములు. మిత్రులు చూసి మందుల సీసా అన్నారు. ఒకడు మాత్రం వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి, ఎలా కొలిచావని గుసగుసగా అడిగాడు.

కడిగి కడిగి పోయిన నెల ఆ గీత చెరిగిపోయింది. నేను చెప్పకముందే మా ఆవిడ మళ్లీ గీసి పెట్టింది. పోసుకోబోతే గీత కాస్త కిందికి దిగినట్టు అనిపించింది. నీళ్లు పోసి కొలిచాను. 90.